ట్రావెల్ ట్రైలర్‌లో సోఫా: కూర్చోవడానికి హాయిగా, కింది సామాను అందేలా – తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఇల్లులాంటి బండి) కొనుక్కున్న మన కుటుంబాలు సోఫా గురించి రెండే రెండు ఫిర్యాదులు చెబుతుంటాయి. దాని మీద కూర్చోలేకపోతున్నామని ఒకటి, దాని కింద పెట్టిన సామాను తియ్యలేకపోతున్నామని ఇంకొకటి. నా దృష్టిలో ఈ రెండూ ఒకే సమస్య. కూర్చున్న మనిషి లేవకుండానే కింది వస్తువు చేతికి అందాలి. ఆ ఏర్పాటు సరిగ్గా చేస్తే కూర్చోవడం కూడా చాలావరకు బాగుపడుతుంది. కొలతలన్నీ అంగుళాల్లో, పౌండ్లలో ఇచ్చాను, ఎందుకంటే అక్కడి షాపుల్లో చెక్క, ఫోమ్, స్క్రూలు ఆ లెక్కలోనే దొరుకుతాయి.

గంటసేపు కూర్చుంటే నడుము పట్టేస్తోంది. ఫోమ్ మారిస్తే తగ్గుతుందా?

చాలాసార్లు తగ్గదు. ఫోమ్ కొనే ముందు టేపు తీసుకుని మూడు కొలతలు చూడండి. మనిషి కూర్చుని ఫోమ్ అణిగాక నేల నుంచి సీటు ఎత్తు ఎంత, ముందు అంచు నుంచి వీపు ఆనే చోటికి లోతు ఎంత, వీపు ఆనే పలక ఎంత వాలుగా ఉంది. మామూలు ఎత్తు మనుషులకు ఎత్తు 17, 18 అంగుళాలు, లోతు 18 నుంచి 21 అంగుళాలు ఉంటే కుదురుతుంది. వీపు పలక సీటుతో 100 నుంచి 105 డిగ్రీల కోణంలో ఉండాలి.

ట్రైలర్లలో ఎక్కువగా తప్పేది మూడోదే. సోఫాని పడకగా కూడా వాడాలి కాబట్టి సీటు బల్లపరుపుగా, వీపు దాదాపు నిట్టనిలువుగా పెడతారు. అలాంటి చోట ఎంత మంచి ఫోమ్ వేసినా ఒళ్ళు ముందుకు జారుతూనే ఉంటుంది, నడుము గాల్లోనే ఉంటుంది.

దీనికి ఖర్చు తక్కువ మందు ఒకటుంది. సీటు పలక ముందు అంచు కింద పొడవునా ఒక చెక్క బద్దె బిగించి అంగుళం నుంచి అంగుళంన్నర ఎత్తు పెంచండి. 20 అంగుళాల లోతున్న సీటుకి అంగుళం ఎత్తితే దాదాపు 3 డిగ్రీల వాలు వస్తుంది. వినడానికి చిన్నదే అయినా జారడం అక్కడితో ఆగిపోతుంది. వీపుకి కింద 5 అంగుళాలు, పైన రెండున్నర అంగుళాలు మందం ఉండేలా ఏటవాలుగా కోసిన ఫోమ్ దిండు పెట్టండి. కింద మందంగా ఉన్న భాగం నడుముకి ఆనుతుంది, పైభాగం భుజాలని వెనక్కి వాలనిస్తుంది. పడుకునే వేళకి ఆ దిండు తీసి పక్కన పెట్టుకోవచ్చు. సీటు కింది బద్దెని కూడా స్క్రూలతో కాకుండా గాడిలో కూర్చునేలా పెడితే రాత్రికి తీసేసి పక్క చదును చేసుకోవచ్చు.

ఒక్క మాట. మనవాళ్ళలో చాలామంది సోఫా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. దానికి 20 అంగుళాల లోతు చాలదు, 24 అయినా కావాలి. అలా కూర్చునేవాళ్ళు ఇంట్లో ఉంటే సీటుని లోతుగానే ఉంచి, కాళ్ళు కిందికి పెట్టుకునేవాళ్ళకి వీపు వెనక అదనపు దిండు ఇవ్వడం మేలు.

మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆరు నెలలకని వచ్చింది, ట్రైలర్‌లో సోఫా మీంచి లేవలేకపోతోంది. ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్న నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. పెద్దవాళ్ళు ఇబ్బందిని పైకి చెప్పరు, "నాకిక్కడే బాగుంది, మీరు తిరిగి రండి" అని ట్రైలర్‌లోనే ఉండిపోతారు.

మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి సీటు ఎత్తుగా ఉండాలి. ఫోమ్ అణిగాక 18, 19 అంగుళాలు ఉంటే లేవడం తేలిక. కానీ అయిదడుగుల మనిషికి అంత ఎత్తులో పాదాలు నేలకి ఆనవు, తొడల కింద అంచు ఒత్తుకుని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. అందుకని కాళ్ళ కింద 3, 4 అంగుళాల ఎత్తున్న పీట ఒకటి కావాలి. లేచేటప్పుడు మాత్రం దాన్ని పక్కకి జరపాలి, పీట మీంచి లేవబోతే పడే ప్రమాదం ఉంది.

ఎత్తుకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది, దాన్ని ఎవరూ గమనించరు. మనం కుర్చీలోంచి లేచేటప్పుడు పాదాల్ని మోకాళ్ళకంటే కొంచెం వెనక్కి లాక్కుని, ఒళ్ళు ముందుకి వంచి లేస్తాం. ట్రైలర్ సోఫా కింద ముందు పలక సీటు అంచుతో సమంగా, గోడలా నిలబడి ఉంటుంది. మడమలు దానికి తగిలి వెనక్కి పోవు. అప్పుడు బరువంతా మోకాళ్ళ మీదే పడుతుంది. ముందు పలకని సీటు అంచుకంటే 3, 4 అంగుళాలు లోపలికి జరిపితే మడమలకి చోటు దొరుకుతుంది. ముందు వైపు సొరుగో తలుపో పెట్టాలనుకుంటుంటే ఆ పనిలోనే ఇది కూడా కలిపెయ్యండి. కొంత సామాను చోటు పోతుంది, పోనివ్వండి.

సోఫా చివర గోడకి పట్టుకునే పిడి బిగిస్తే ఇంకా మంచిది. అయితే ట్రైలర్ గోడ పైపొర పలచటి ప్లై, దానికి మాత్రమే స్క్రూ బిగిస్తే మనిషి బరువుకి ఊడొస్తుంది. లోపలి చట్రం ఎక్కడుందో వెతికి దానికే బిగించాలి.

ఎలాంటి ఫోమ్ కొనాలి?

ఫోమ్‌కి రెండు లెక్కలుంటాయి, వాటిని కలిపెయ్యకండి. సాంద్రత అంటే ఘనపు అడుగుకి ఎన్ని పౌండ్లు అనేది. అది ఎన్నేళ్ళు మన్నుతుందో చెబుతుంది. గట్టిదనం (ILD) అంటే నొక్కితే ఎంత ఎదురు తోస్తుందో చెప్పే అంకె. తక్కువ సాంద్రతతో గట్టిగా ఉండే ఫోమ్ షాపులో నొక్కి చూస్తే బాగానే ఉంటుంది, త్వరగా గుంట పడుతుంది.

రోజూ కూర్చునే సీటుకి సాంద్రత రెండున్నర పౌండ్లు, ఆపైన ఉన్న హై రెసిలియన్స్ ఫోమ్ తీసుకోండి. గట్టిదనం 30 నుంచి 36 మధ్య, మందం 4 లేదా 5 అంగుళాలు. కింద ప్లైవుడ్ పలకే ఉంటుంది కాబట్టి 3 అంగుళాలతో సరిపెడితే పలక తగులుతుంది. ఫోమ్‌ని కవరుకంటే ప్రతి వైపూ పావు అంగుళం నుంచి అర అంగుళం ఎక్కువగా కోయించి, పైన పలచటి పాలిస్టర్ దూది పొర చుడితే కవరు బిగుతుగా, ముడతలు లేకుండా కూర్చుంటుంది. ఇంట్లో కోసుకోవాలంటే మాంసం కోసే ఎలక్ట్రిక్ కత్తి చక్కగా పనికొస్తుంది.

కుషన్లు ముందుకి జారిపోతున్నాయి.

కార్పెట్ కింద వేసే జారని రబ్బరు వల కొని పలక మీద పరచండి. చాలకపోతే వెనక అంచున వెల్క్రో. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

సోఫా కింద సామానుకి పైమూత మంచిదా, ముందు తలుపా, సొరుగా?

పైమూత ఉంటే ప్రతిసారీ ఇదే తంతు: కూర్చున్నవాళ్ళు లేవాలి, కుషన్ తియ్యాలి, దాన్ని ఎక్కడో పెట్టాలి, పలక ఎత్తాలి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని రెండో చేత్తో వెతకాలి. బయట వాన పడుతూ లోపల నలుగురున్నప్పుడు ఉప్పు డబ్బా కోసం ఇదంతా చేస్తే ఎవరికైనా విసుగే. అందుకే కంపెనీలు పైమూత మాత్రమే ఇచ్చిన చోట ముందు వైపు దారి చెయ్యమని గట్టిగా చెబుతాను. పైమూతని పూర్తిగా తీసెయ్యక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లు వాడే గొట్టాలు, లెవెలింగ్ దిమ్మెల లాంటివి వెనకవైపు పెట్టి పైనుంచి తీసుకోండి. రోజూ కావలసినవి ముందు వైపు నుంచి.

ముందు వైపు ఏం పెట్టాలన్నది నడవ వెడల్పుని బట్టి ఉంటుంది. సొరుగు మోజు చాలామందికి ఉంటుంది, నిజంగా సౌకర్యమే. కానీ 20 అంగుళాల సొరుగు పూర్తిగా లాగితే ఇరుకు నడవలో ఇంకో మనిషి నిలబడలేడు. పట్టాలకి అటూ ఇటూ అర అంగుళం చొప్పున, సొరుగు పెట్టె పలకల మందం, కింద సందు అన్నీ పోగా చోటు కూడా బాగా తగ్గుతుంది. 100 పౌండ్లు మోసే ఫుల్ ఎక్స్‌టెన్షన్ పట్టాలు దొరుకుతాయి. మూసినప్పుడు తాళం పడే రకమే తీసుకోండి, లేకపోతే మొదటి మలుపులోనే సొరుగు బయటికొస్తుంది.

నా ఓటు మాత్రం తలుపుకి, లోపల లాగడానికి పట్టీ కట్టిన ప్లాస్టిక్ డబ్బాలకి. డబ్బాని లాగి ఒళ్ళో పెట్టుకోవచ్చు, బల్ల మీద పెట్టుకోవచ్చు, ఇంటికొచ్చాక అలాగే దింపి వంటింట్లోకి మోసుకెళ్ళొచ్చు. డబ్బాలు ముందు కొని, వాటికి తగినట్టు తలుపు కొయ్యాలి. తలుపు కోశాక అందులో పట్టే డబ్బా కోసం ఊరంతా తిరగడం వృథా ప్రయాస. తలుపుకి అయస్కాంతం ఒక్కటే పెట్టకండి, ప్రయాణపు కుదుపులకి తెరుచుకుంటుంది. నొక్కితే తెరుచుకునే గడియ గానీ తిప్పే గడియ గానీ ఉండాలి.

ముందు పలక కొయ్యాలంటే భయంగా ఉంది. ఎక్కడ కొయ్యచ్చు?

ఆ భయం మంచిదే. ముందుగా బ్యాటరీ, కరెంటు కనెక్షన్ రెండూ తీసెయ్యండి. ప్రొపేన్ గ్యాస్ సిలిండర్ మూసెయ్యండి. పైమూత ఎత్తి టార్చి వేసి పలక వెనక ఏముందో చూడండి. చూపు ఆనని మూలల్లోకి ఫోన్ పెట్టి ఫొటో తియ్యండి. వైర్లు, నీటి గొట్టాలు, వేడిగాలి డక్టు, గ్యాస్ గొట్టం పలకని ఆనుకునే పోతుంటాయి.

తర్వాత చూడవలసింది బరువు ఎవరు మోస్తున్నారని. కొన్ని ట్రైలర్లలో సీటు ముందు అంచుని మోసేది ఆ పలకే. దాని వెనక చెక్క చట్రం ఉండదు. అలాంటి చోట పైన రెండున్నర అంగుళాలు, కింద 2, పక్కల 3 అంగుళాలు వదిలి మధ్యలోనే కొయ్యండి. కొయ్యడానికి ముందే లోపలి వైపు, రంధ్రం చుట్టూ వచ్చేలా ముప్పావు అంగుళం మందం బద్దెలు జిగురు, స్క్రూలతో బిగించండి. తలుపు వెడల్పు 20 అంగుళాలు దాటేలా ఉంటే మధ్యలో నిలువు బద్దె వదిలి రెండు తలుపులు చెయ్యడం క్షేమం. ఇద్దరు బరువైన మనుషులు ఒకేసారి ధబాల్న కూర్చుంటారని లెక్కేసుకోవాలి.

మూలలు నలుచదరంగా కాక గుండ్రంగా రావాలి. నాలుగు మూలల్లో ముందు డ్రిల్‌తో అంగుళం బెజ్జాలు వేసి వాటి మధ్య జిగ్‌సాతో కోస్తే మూలల్లో పగుళ్ళు రావు. గీత మీద మాస్కింగ్ టేపు అంటించి, పళ్ళు కిందికి తిరిగిన బ్లేడు వాడితే పైపొర లేవదు.

సోఫా కింద ఫర్నేస్ (గదిని వేడిచేసే యంత్రం), వాటర్ పంపు ఉన్నాయి. ఆ ఖాళీ కూడా వాడుకోవచ్చా?

ఫర్నేస్ చుట్టూ ఉన్న ఖాళీ ఊరికే వదిలింది కాదు. ఏ వైపు ఎంత దూరం ఉండాలో ఫర్నేస్ పుస్తకంలోనే రాసి ఉంటుంది, దానికి కట్టుబడండి. అది గాలి పీల్చే జాలీని దుప్పట్లతో మూసేస్తే వేడెక్కి ఆగిపోతుంది, ఇంకా ప్రమాదం కూడా. సామాను అటు జరగకుండా మధ్యలో ఒక పలక అడ్డం పెట్టండి. స్ప్రే డబ్బాలు, పొయ్యి కోసం తెచ్చిన చిన్న గ్యాస్ డబ్బాలు ఆ అరలో అసలే వద్దు. కరెంటు కన్వర్టర్ ఉంటే దానికీ గాలి ఆడాలి.

పంపు విషయం వేరు. అది కాలదు, కానీ రాత్రిపూట ఎప్పుడో మొరాయిస్తుంది. డబ్బాలు తీస్తే చెయ్యి నేరుగా దాని జల్లెడ దాకా వెళ్ళాలి. చలిప్రాంతాలకి వెళ్ళేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఆ అరని సామానుతో కుక్కేస్తే గది వేడి లోపలికి చేరదు, బయటిగోడ పక్కనున్న నీటి గొట్టం గడ్డకట్టవచ్చు. ముందు పలకకి జాలీ పెడితే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

పైమూత దానంతటదే నిలబడేలా గ్యాస్ స్ట్రట్ (గ్యాస్ ఒత్తిడితో మూతని పైకి తోసి నిలిపే కడ్డీ) పెట్టుకుంటే?

పెట్టండి, ఒక చేతిని విడుదల చేసినట్టే. లెక్క ఇలా: కుషన్‌తో కలిపి మూత బరువు 20 పౌండ్లు, దాని నడిమిభాగం బందుల నుంచి 12 అంగుళాల దూరం అనుకుందాం. రెండూ గుణిస్తే 240. మూత దించినప్పుడు బందు నుంచి స్ట్రట్ గీతకి లంబదూరం 5 అంగుళాలు ఉంటే 240ని 5తో భాగించాలి, 48 పౌండ్లు వస్తుంది. అంటే 25, 30 పౌండ్ల స్ట్రట్‌లు రెండు. "ఎందుకైనా మంచిది" అని 60 పౌండ్లవి కొనకండి. మూత కిందికి దిగదు, పలచటి ప్లైలోంచి బందుల స్క్రూలు పెరికేస్తుంది. పొడుగాటి పియానో బందు వాడితే ఆ లాగుడు అన్ని స్క్రూల మీదా సమంగా పడుతుంది. మూత దించినప్పుడు స్ట్రట్ సన్నటి కడ్డీ కిందివైపు వాలి ఉండేలా బిగిస్తే లోపలి నూనె సీలుని తడుపుతూ ఉంటుంది, ఎక్కువకాలం పనిచేస్తుంది.

మాది జాక్‌నైఫ్ సోఫా. దాన్ని తీసేసి కొత్తగా చెక్క పెట్టె కట్టించుకోవడం మంచిదా?

సీటు ఎత్తి లాగితే వీపు వెనక్కి పడి రెండూ ఒక మట్టానికి వచ్చే ఈ సోఫాకి రెండు చివర్లా ఇనుప మరలుంటాయి. పడకగా మార్చి పడుకున్నప్పుడు నడుము కింద మధ్య సందు వస్తుంది, కూర్చున్నప్పుడు సీటు కురచ. పిల్లలు ఎప్పుడో ఒకరాత్రి పడుకోవడానికైతే సరిపోతుంది. రోజూ వాడేవాళ్ళకి చెక్క పెట్టె మేలని నా అభిప్రాయం. ముప్పావు అంగుళం ప్లైవుడ్ పైపలక, కింద అడ్డ బద్దెలు, ముందు తలుపులు పెట్టుకుంటే కూర్చోవడం, పడక, సామాను మూడూ మన కొలతలకి వస్తాయి.

తియ్యడానికి నేలకి బిగించిన బోల్టులు వెతకాలి, అవి కార్పెట్ కిందో, ముందు పలక వెనకో దాగి ఉంటాయి. సీటు, వీపు విడదీస్తే గానీ ట్రైలర్ ఇరుకు ద్వారంలోంచి బయటికి రావు. కొత్త పెట్టెని నేలకి బిగించేటప్పుడు నేల మందం దాటని స్క్రూలే వాడండి. నేల కింద నీళ్ళ ట్యాంకులూ వైర్లూ ఉంటాయి.

మాది గోడలు వంపు తిరిగిన ట్రైలర్. మూత ఎత్తితే గోడకి కొట్టుకుంటోంది.

ఒహాయోలోని జాక్సన్ సెంటర్‌లో తయారయ్యే ఎయిర్‌స్ట్రీమ్‌లలోనూ, టెక్సస్‌లోని రైస్‌లో తయారయ్యే కసీటా లాంటి ఫైబర్‌గ్లాస్ బండ్లలోనూ ఇది సహజం. గోడ పైకి పోతున్నకొద్దీ లోపలికి వంగుతుంది. మూతని రెండు ముక్కలు చెయ్యండి. గోడ పక్కన 4, 5 అంగుళాల పట్టీ కదలకుండా ఉండాలి, బందులు దాని ముందు అంచుకి బిగించాలి. వీపు దిండు ఆ పట్టీ మీద కూర్చుంటుంది కాబట్టి మూత ఎత్తినప్పుడల్లా దాన్ని తియ్యక్కర్లేదు. బెంచీలు కూడా ఫైబర్‌గ్లాస్‌తో పోతపోసిన బండ్లయితే కోసేటప్పుడు మంచి మాస్కు, కళ్ళద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు, చర్మానికి తగిలితే దురద.

సోఫా స్లైడ్‌అవుట్‌లో (బండి ఆపాక బయటికి జరిపి గదిని పెంచే భాగంలో) ఉంది.

స్లైడ్ లోపలికి జరిగేటప్పుడు పిడులు, గడియలు దేనికీ తగలకూడదు. బయటికి పొడుచుకురాని రకం పెట్టండి. స్లైడ్ మూసినప్పుడు కూడా అందాల్సిన మందులు, నీళ్ళు అక్కడ పెట్టకండి.

వాలే థియేటర్ సీట్లు వేసుకుంటే ఈ బాధంతా ఉండదు కదా?

కూర్చోవడానికి వాటిని మించింది లేదు. అయితే కింది అర మొత్తం పోతుంది, అదనపు పడక పోతుంది. ఇద్దరే తిరిగేవాళ్ళకి సరైన ఎంపిక, పిల్లలున్నవాళ్ళకి కాదు.

బియ్యం బస్తా, గ్రైండర్ సోఫా కిందే పెట్టచ్చా?

సోఫా ట్రైలర్‌లో ఎక్కడుందో చూసి చెప్పాలి. బరువు వెనక్కి పోయినకొద్దీ హిచ్ (ట్రైలర్‌ని లాగే బండికి తగిలించే కొక్కెం) మీద బరువు తగ్గి, హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. సోఫా చక్రాల దగ్గరో, కొంచెం ముందో ఉంటే 20 పౌండ్ల సోనామసూరి బస్తా, గ్రైండర్, కుక్కర్లు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. వెనక గోడకి ఆనుకుని ఉన్న సోఫా అయితే దాని కింద దుప్పట్లు, బట్టలు, పేపరు ప్లేట్లు పెట్టండి. తలుపు దగ్గరుండే పసుపుపచ్చ స్టిక్కరు మీద ఎంత సామాను మొయ్యచ్చో రాసి ఉంటుంది. నీళ్ళు గ్యాలనుకి 8.34 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే దాదాపు 334 పౌండ్లు దానికే పోతాయి.

వేడిగాలి డక్టు పోయే అరలో బియ్యం, పొడులు, నూనె వద్దు. ఆవకాయకి గాజు జాడీ బదులు బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బా తీసుకుని నిలబెట్టి, చుట్టూ తువ్వాలు కుక్కండి. ప్లైవుడ్‌లోకి ఇంకిన ఆవకాయ నూనె వాసన ఏళ్ళతరబడి పోదు.

కుషన్ కింద చెమ్మ, బూజు వస్తున్నాయి.

మనుషుల ఊపిరి, వంట ఆవిరి చల్లటి బయటిగోడ దగ్గర నీరవుతాయి. గోడకీ కుషన్‌కీ మధ్య అంగుళం సందు వదలండి, పలకకి వరసగా అంగుళం బెజ్జాలు వెయ్యండి. అన్నం ఉడికేటప్పుడు పైనున్న ఫ్యాను వేసి ఒక కిటికీ కొద్దిగా తెరవండి. ఇల్లు చేరాక కుషన్లని నిలబెట్టి ఉంచాలి.

సోఫా పైతోలు పొట్టు రాలిపోతోంది. ఏ గుడ్డ వేయించాలి?

అది పాలియురెథేన్ పూత. ఎండలో నిలిపిన బండి లోపలి వేడికీ తేమకీ ఆ పూత విడిపోతుంది, అతుకులు వేసినా ఆగదు. మంచి వినైల్ గానీ, నేసిన అక్రిలిక్, పాలిస్టర్ గుడ్డ గానీ వేయించండి. జిప్పు ఉండి ఉతుక్కునేలా కుట్టించుకోవడం మన వంటలకి అవసరం. పసుపు మరక పడితే ఉతికి ఎండలో ఆరెయ్యండి. పసుపులోని కర్కుమిన్ వెలుతురుకి విరిగిపోతుంది, మరక వెలిసిపోతుంది.

ప్రయాణంలో పిల్లల్ని ఆ సోఫాలో కూర్చోబెట్టచ్చా?

వద్దు. చాలా రాష్ట్రాల్లో లాగుతున్న ట్రావెల్ ట్రైలర్‌లో మనుషులు ఉండటం చట్టవిరుద్ధం, ఎక్కడైనా ప్రమాదమే. మోటార్‌హోమ్‌లో (సొంత ఇంజనుతో నడిచే ఇల్లులాంటి బండిలో) సీటుబెల్టు ఉన్న సోఫా అయితే దాని చట్రాన్ని సొంతంగా కదపనేకూడదు. ఇంకొకటి, సోఫా వెనక ఎర్ర గడియలున్న కిటికీ ఉంటే అది అత్యవసర ద్వారం. ఎత్తు దిండ్లు, అరలు పెట్టి దాన్ని మూసెయ్యకండి. పిల్లలకి ఆ గడియ తియ్యడం నేర్పించండి.

మాది అద్దె ట్రైలర్, ఏమీ కొయ్యలేం. కనీసం ఏం చెయ్యచ్చు?

ఏటవాలు వీపు దిండు, జారని రబ్బరు వల, పెద్దవాళ్ళకి పీట, ఈ మూడూ ఇంటి నుంచే తీసుకెళ్ళండి. కాఫీపొడి, పంచదార, మందులు, పిల్లల తిండి ఒకే పట్టీ డబ్బాలో సర్ది సోఫా కింద కాకుండా పక్కన పెట్టుకోండి. సోఫా కింది అరలో రాత్రికే తీసేవి, అంటే దుప్పట్లు, దిండ్లు మాత్రమే పెట్టండి. అప్పుడు రోజుకి ఒక్కసారి మూత ఎత్తితే చాలు.